కుడిపక్క చదవని కాగితం

అక్టోబర్ 3, శుక్రవారం

నువ్వు దొంగవి. ఒకరి బీరువాలో చీరల కింద దాచిన నోటుబుక్కు తీసి చదువుతున్నావంటే నిన్ను ఇంకేమనాలి? పైగా నీ సంగతి నాకు బాగా తెలుసు. నువ్వు నిజంగా చదవాల్సిన కాగితం ఒక్కటీ ఈ జన్మలో చదివిన పాపాన పోలేదు. బ్యాంకువాడు పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం గీకావు. ఫ్లాటు కొన్నప్పుడు బిల్డరు ముప్ఫై పేజీల అగ్రిమెంటు తిప్పుతుంటే నువ్వు కాఫీ తాగుతూ కూర్చున్నావు. నీ పెళ్ళిలో పంతులు గంటసేపు చదివిన మంత్రాల్లో నీ చేత ఏమేమి ఒప్పించాడో నీకు ఈ రోజుకీ తెలీదు. వీడియోవాడి వైపు చూసి నవ్వావు, అంతే. నీ తరఫున చదివిపెట్టేవాడు ఎప్పుడూ ఎవడో ఒకడు ఉంటాడు. నా కోపమంతా ఆ ఒకడి మీద. వాణ్ణి ఉండనిచ్చినందుకు నీ మీద ఇంకా ఎక్కువ.

సరే. ఎవరూ చదవరని తెలిసే రాస్తున్నాను. యాభై ఒకటి దాటాక ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే నాకు కలం కదలదు.

ఇవాళ బహ్లాలో, కంపెనీ కూలీల క్యాంపులో క్లాసు. ఆరింటికే బయల్దేరాం. ఆయన్ని సైట్ ఆఫీసులో దింపి నేను క్యాంపు మెస్‌కి వెళ్ళాను. కంపెనీలో ఆయన ప్రాజెక్ట్ ఇంజినీరు కాబట్టి, ఇంజినీరుగారి భార్యకి శుక్రవారం రెండు గంటలు మెస్ హాలు ఇచ్చారు. ఇచ్చారు అని రాయడానికే ఒళ్ళు మండుతోంది. వాళ్ళు తినే మెస్‌లో వాళ్ళు చదువుకోవడానికి ఒకరు ఇచ్చేదేమిటి?

పద్నాలుగు మంది వచ్చారు. అందరూ జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్ళు. ఏప్రిల్‌లో మొదలుపెట్టినప్పుడు సగం మంది వేలిముద్రలే. ఇవాళ పలకలూ గుణింతాలూ పక్కన పెట్టి ఒక కథ చెప్పాను, ఐదు వందల ఏళ్ళ నాటిది. స్కూల్లో పదో తరగతికి నేను చెప్పే పాఠమే.

"ఆ దేశాల్లో దేవుడి పుస్తకం లాటిన్‌లో ఉండేది. జనానికి లాటిన్ రాదు. పూజారి చదివి, ఇందులో ఇలా ఉంది అంటే నమ్మాలి. పాపం పోవాలంటే గుడివాళ్ళు ఒక కాగితం అమ్మేవారు. దాని మీద ఏం రాసి ఉందో కొన్నవాడికి తెలీదు."

"మన ఆఫీసుల ఇచ్చే కాగితమే గద మేడమ్," అన్నాడు ఓంకార్. వీడికి ముప్ఫై ఏళ్ళు, స్టీలు కడతాడు, నాలుక కత్తెర. అందరూ నవ్వారు.

"అప్పుడు ఒక సన్యాసి తిరగబడ్డాడు. లూథర్ అని. దేవుడికీ మనిషికీ మధ్య చదివిపెట్టేవాడు అక్కర్లేదన్నాడు. ఆ పుస్తకాన్ని జనం మాట్లాడే భాషలోకి మార్చాడు. అచ్చువేసి ఊరూరికీ పంచారు. చెప్పులు కుట్టేవాళ్ళు చదివారు, నాగలి పట్టేవాళ్ళు చదివారు, ఆడవాళ్ళు చదివారు. ఇంగ్లీషువాళ్ళ కోసం మార్చినవాణ్ణయితే గొంతు బిగించి చంపి తగలబెట్టారు. అయినా ఆగలేదు."

భూమయ్య చెయ్యెత్తాడు. మేస్త్రీ. ఈ ఒమన్‌లో పదహారేళ్ళ నుంచి గోడలు కడుతున్నాడు. క్లాసులో చెయ్యెత్తి అడిగేది అతనొక్కడే.

"చదివినంక ఏమైంది మేడమ్?"

"ప్రశ్నలు అడిగారు."

"అడిగినంక?"

టైము అయిపోయింది. వచ్చే వారం చెప్తానన్నాను.

బయల్దేరబోతుంటే భూమయ్య ఒక ఫారం తెచ్చాడు. లీవు ఫారం. రెండేళ్ళకోసారి ఊరికి పోయి వస్తాడు. నవంబర్ ఆరో తారీకుకి టికెట్ కూడా కంపెనీ వేసింది. రేపు ఆఫీసులో ఇచ్చెయ్యాలట. ఎడమపక్క ఇంగ్లీషు, కుడిపక్క అరబ్బీ. చదివి చెప్పాను: అరవై రోజుల వార్షిక సెలవు, తర్వాత తిరిగి డ్యూటీ.

"ఈ దిక్కు ఇంగ్లీషు. ఆ దిక్కేమున్నది?"

"ఇదే. అరబ్బీలో ఉంది."

"గంతేనా?"

"గంతే," అన్నాను అతని యాసలో. మళ్ళీ అందరూ నవ్వారు.

బల్ల మీద కాగితం పెట్టి, నాలిక పంటికింద పెట్టుకుని, మూడక్షరాలూ విడివిడిగా రాశాడు. భూ. మ. య్య. ఫోటో తీశాను. పదహారేళ్ళ వేలిముద్ర పోయి సంతకం వచ్చింది. తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఆయనకి ఇదే చెప్పాను. "సరేలే, ఏసీ పెంచు," అన్నారు.

అక్టోబర్ 7, మంగళవారం

లూథర్ మొదలుపెట్టిన ఆ మొత్తం ఉద్యమానికి సిలబస్‌లో నాకిచ్చింది రెండు పీరియడ్లు. యూరప్ సగం తలకిందులైపోయిన వందేళ్ళు, రెండు పీరియడ్లు. ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఇది షార్ట్ ఆన్సరా, లాంగ్ ఆన్సరా?" అంది. ఆ పిల్లని ఏమనను? ఇళ్ళలో చూస్తున్నది అదేగా. మొన్న పై ఫ్లాటువాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. హైదరాబాద్‌లో పంతులు, జూమ్‌లో కథ. పదకొండు కుటుంబాలు ఫోన్లు మ్యూట్‌లో పెట్టుకుని బంగారం రేటు మాట్లాడుకున్నాయి. కథలో వర్తకుడి పడవ మునిగే చోట ఒక్కళ్ళు వినలేదు. ప్రసాదానికి మాత్రం వరసలో నిలబడ్డారు. నమ్మకం ఉంటే చదువుకోండి, లేదంటే మానెయ్యండి. ఎవరో చదువుతుంటే పుణ్యం మన అకౌంట్లో పడుతుందనుకోవడం ఏ మతమండీ? అడిగాను. అడిగినందుకు నాకు ప్రసాదం తక్కువ పెట్టారు.

అక్టోబర్ 10, శుక్రవారం

బహ్లా. వత్తులు. భూమయ్య ఫోన్ చేసి ఇచ్చాడు, అవతల భార్య శాంతవ్వ. "మా ఆయనకు సదువు నేర్పినవంట గద అమ్మా. మొన్న వాట్సప్ల నా పేరు రాసి పంపిండు. పక్కింటామెకు జూపిచ్చిన, నీ మొగడు నీ పేరెన్నడన్న రాసిండానే అన్న." నవ్వీ నవ్వీ నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. కథ మిగతా సగం చెప్పడానికి టైము లేకపోయింది.

అక్టోబర్ 14, మంగళవారం

స్టాఫ్ రూమ్‌లో నసీమాకి ఫోటో చూపించాను. నసీమా మా స్కూల్లో అరబ్బీ టీచరు, పాతబస్తీ పిల్ల. పిల్ల అంటే నలభై మూడు. ఫోటో రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"సంతకం మంచిగనే ఉంది సూర్యా. ఈయన ఎక్కడికి పోతున్నడు?"

"ఊరికి. రెండు నెలల లీవు. చదవలేదా, అక్కడే ఉందిగా."

"నేను చదివిన. నువ్వు చదివినవా?"

"చదివే చెప్పానమ్మా అతనికి."

"ఏ దిక్కు?"

నాకు అర్థం కాలేదు. వేలితో కుడిపక్క చూపించింది. "ఇంగ్లీషుల లీవని ఉంది. అరబ్బీల, నా ఇష్టంతో నౌకరీ బంద్ చేసుకుంటున్న, నా దేశం పోతున్న, మళ్ళ రాను, వీసా క్యాన్సిల్ చెయ్యండ్రి అని ఉంది."

"రెండు పక్కలా ఒకటే కదా ఉండేది?"

"ఒకటే అని ఎవరు చెప్పిన్రు నీకు?"

నసీమా వదల్లేదు.

"పంతొమ్మిదేళ్ళయింది ఈ దేశంల. అరబ్బీల ఏమేం చదువుతవ్?"

"అంకెలు. కార్ల నంబర్లు. దుకాణాల పేర్లు కొన్ని."

"యా అల్లా. కార్ల నంబర్లు చదివి దస్తావేజులు చదివిన అనుకున్నవ్." తిట్టినట్టు అన్లేదు, అదే బాధ. మళ్ళీ ఫోటో కిందికి జరిపింది. "ఇగో, అడుగున చిన్న లైను. రెండు భాషల నడుమ తేడా వస్తే అరబ్బీ మాటే చెల్లుతది. ఈ లైను గూడ అరబ్బీలనే ఉంది, చూసినవా? హుషార్‌గాళ్ళు."

బెల్లు కొట్టారు. తొమ్మిది-బి కి వెళ్ళి ఏం చెప్పానో గుర్తులేదు.

నా తప్పు ఏముంది ఇందులో? ఒకే కాగితం మీద రెండు భాషలు పక్కపక్కన ఉంటే ఒకదానికి ఇంకోటి అనువాదం అనుకోవడం సహజం. ఎవరైనా అనుకుంటారు. మోసం చేసినవాళ్ళు కంపెనీవాళ్ళు. రాసినవాడిది తప్పు, చదివినదాన్ని నన్నంటే ఎలా? సహజం. ఇంగ్లీషు చదివాను, ఇంగ్లీషులో ఉన్నది చెప్పాను. అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

అక్టోబర్ 15, బుధవారం

ఆయనతో చెప్పాను. ఫోన్ చూస్తూనే విన్నారు. తర్వాత, "యాభై దాటినవాళ్ళని తగ్గించుకోమని పైనుంచి వచ్చిందిలే. తీసేస్తే గొడవ. వాళ్ళంతట వాళ్ళు వెళ్ళారంటే గొడవ ఉండదు," అన్నారు.

"మీకు తెలుసా?"

"ఫారం సంగతి నాకేం తెలుసు? తగ్గిస్తారని తెలుసు."

"భూమయ్యకి యాభై రెండు. ఒకసారి వీసా పోతే మళ్ళీ ఎవడిస్తాడు?"

"సూర్యా, నీ పేరు ఎక్కడైనా ఉందా ఆ కాగితం మీద?"

"లేదు."

"మరి?"

"నేనే చదివి చెప్పాను."

"చదివి చెప్పడం వేరు, సంతకం పెట్టడం వేరు. నేను మెల్లిగా హెచ్.ఆర్.తో మాట్లాడతాను. నువ్వు మాత్రం ఆ క్యాంపులో నోరు జారకు. ఏప్రిల్‌లో నా రెన్యువల్ ఉంది. నేను లేకపోతే నీ స్కూలు లేదు, నీ వీసా లేదు."

మెల్లిగా మాట్లాడతారట. ఎప్పుడు? మా ఆయన విశ్వేశ్వరరావుగారి మెల్లి నాకు ఇరవై ఏడేళ్ళుగా తెలుసు.

అయినా ఆయన చెప్పినదాంట్లో కొంత ఉంది. తొందరపడితే భూమయ్యకే నష్టం. లోపలివాళ్ళతో నెమ్మదిగా మాట్లాడించడమే మంచిది.

అక్టోబర్ 17, శుక్రవారం

గొంతు నొప్పి. బహ్లా వెళ్ళలేదు.

అక్టోబర్ 18, శనివారం

నిజంగానే గొంతు నొప్పి.

అక్టోబర్ 20, సోమవారం, దీపావళి

ఓంకార్ వాయిస్ మెసేజ్ పంపాడు. మూడుసార్లు విన్నాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మేడమ్ నమస్తే. తబియత్ మంచిగైందా? గా కథ సగంల ఆపిండ్రు గద, నాకు ఆగబుద్ధి గాక యూట్యూబ్ల జూసిన. చదువు నేర్చినంక ఆ రైతులు కోరికలు రాసి ఊరూరికి పంచిన్రంట. పన్నెండంట. మరి ఆ సామి వాళ్ళ దిక్కు నిలవడలేదంట గదా? దొరల దిక్కు పోయి, ఈళ్ళను కుక్కల సంపినట్టు సంపుండ్రని రాసిండంట. లచ్చ మంది దాక సచ్చిన్రంట. నిజమేనా మేడమ్? మరి మీరు గదెందుకు చెప్పలే?"

చెప్పబోయాను. టైము అయిపోయింది. ఆ తర్వాతి వారం వత్తులు చెప్పాల్సొచ్చింది.

నిజమే ఓంకార్, పదిహేను వందల ఇరవై ఐదు. నాకు ఆ మనిషి మీద ఉన్న కోపం నీకు తెలీదు. నువ్వు చదువు, నీ అంతట నువ్వు చదువు అన్నది ఎవరు? అతనే. చదివినవాడు కళ్ళెత్తి, మరి ఈ అడవి ఎవడిది, ఈ చేపలు ఎవడివి, నన్ను వెట్టికి పిలవమని ఏ పుస్తకంలో ఉంది అని అడిగితే, నేను చెప్పింది ఆత్మకి సంబంధించిన స్వేచ్ఛ, పొలానికి సంబంధించింది కాదు అన్నాడు. ఎంత తెలివైన జవాబు! వాళ్ళు రాసిన కోరికల్లో రక్తం లేదు, బూతు లేదు. మేము చెప్పింది దేవుడి మాటకి విరుద్ధమని చూపిస్తే వెనక్కి తీసుకుంటామని కూడా రాశారు. అంత మర్యాదస్తులు. వాళ్ళని నరకమన్నాడు. ఎందుకు? తల మీద కత్తి వేలాడిన రోజుల్లో అతన్ని కోటలో దాచి, తిండిపెట్టి కాపాడింది ఒక రాజు. రాజు ఇల్లు, రాజు రొట్టె, రాజు కాగితం, రాజు సిరా. ఇక నోట్లోంచి వచ్చేది ఎవరి మాట? అతన్ని సంస్కర్త అని పాఠాలు చెప్తున్నాం. నేను చెప్తున్నాను, పదకొండేళ్ళుగా, పదో తరగతికి, సగం కథ.

మా ఫ్లాటు కంపెనీది. ఏసీ కంపెనీది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఊరికే రాశాను.

ఓంకార్‌కి జవాబు పెట్టాను: "అవును, నిజమే. శుక్రవారం మాట్లాడదాం. దీపావళి శుభాకాంక్షలు."

అక్టోబర్ 24, శుక్రవారం

చెప్పేశాను.

మెస్‌లో పప్పు తాలింపు వాసన. భూమయ్య అందరికంటే ముందొచ్చి నా కుర్చీ తుడిచి పెట్టాడు. ఊరికి తీసుకెళ్ళే సామాను చీటీ తనే రాసుకున్నాడట, తప్పులు దిద్దమని ఇచ్చాడు. ఖర్జూరం. టార్చి లైటు. శాంతవ్వకు కండ్లద్దాలు. 'ద్ద' సరిగ్గా రాశాడు. ఆ చీటీ చేతిలో పట్టుకునే చెప్పాను. కుడిపక్క ఏముందో, నసీమా చదివినట్టే, ఒక్కో మాటా.

భూమయ్య చీటీ నా చేతిలోంచి తీసుకున్నాడు.

"మళ్ళ రాను అని నేనే అన్ననా?"

"అన్నట్టు రాసి ఉంది."

"నేను రాసిచ్చిన్నా?"

"సంతకం నీది."

"సంతకం మీరు నేర్పిందే గద మేడమ్."

ఎవరూ నవ్వలేదు. ఓంకార్ బల్ల మీద గుద్దాడు. "నీకు అరబ్బీ రాదని ఆ దినమే చెప్తే అయిపోవు! రాదు అనుటానికి నీకు నోరు రాలేదా?" నన్ను నువ్వు అన్నాడు. అన్నాక తనే తల దించుకున్నాడు.  

భూమయ్యే వాణ్ణి ఆపాడు. ఆపి, చాలా మామూలుగా అన్నాడు:

"నిశాని ఏసినప్పుడే మంచిగుండె మేడమ్. అక్షరం రాదని బుగులు, భయముండె. నలుగురిని అడిగెటోన్ని. పఠాన్‌ను అడుగుదు, బెంగాలోన్ని అడుగుదు, మళయాలోన్ని అడుగుదు. నలుగురు ఒక్కటే మాట చెప్తెనే ఏలు ఒత్తుదు. మీరొచ్చినంక అడుగుడు బంద్ వెట్టిన. మా మేడమ్ చదివింది, ఇగ ఎవల్నెందుకు అడగాలె అనుకున్న."

ఆరు నెలలుగా నేను వీళ్ళకి చదువు చెప్తున్నాననుకున్నాను.

ఇంతలో క్యాంపు ఆఫీసు నుంచి అబూబకర్ వచ్చాడు. ఫారాలు పంచేది ఇతనే. ఓంకార్ అతని మీదికి వెళ్ళాడు. "ఏం భాయ్, నీకు తెల్వదా అందుల ఏమున్నదో?" అబూబకర్ రెండు చేతులూ ఎత్తాడు. హిందీలోనే చెప్పాడు: "నేను రోజూ ఖురాన్ చదువుతా భాయ్, ఒక్క అక్షరం తప్పు పోదు. అర్థం మా ఉస్తాద్ చెప్తేనే తెలుస్తుంది. ఈ ఫారం కూడా అంతే. ముదీర్ ఇచ్చాడు, పంచాను." తర్వాత నా వైపు తిరిగి, కళ్ళు కలపకుండా, "మేడమ్, అగ్‌లే జుమ్మే సే క్లాస్ బంద్. ముదీర్ చెప్పమన్నాడు," అన్నాడు. వచ్చే శుక్రవారం నుంచి క్లాసు లేదట; ముదీర్ అంటే మేనేజరు. ఒక్క గంటలో అతని దాకా ఎలా వెళ్ళిందో.

వచ్చేస్తుంటే భూమయ్య కారు దాకా వచ్చాడు.

"లేబర్ ఆఫీసుల కేస్ ఏస్త మేడమ్. మీరు ఒక్క ముక్క రాసియ్యుండ్రి. లీవు అని నేనే చదివి చెప్పిన, గందుకే సంతకం వెట్టిండు అని. మీ మాటైతే ఆఫీసోళ్ళు ఇంటరు."

"చూద్దాం," అన్నాను.

ఛీ.

అక్టోబర్ 26, ఆదివారం

రాసిచ్చే కాగితానికి చిత్తు:

"ఫారంలోని ఇంగ్లీషు భాగం ఆధారంగా సదరు కార్మికుడు సంతకం చేసినట్టు తెలియవచ్చింది."

ఎవరికి తెలియవచ్చింది? ఈ వాక్యంలో నేనెక్కడున్నాను? కొట్టేశాను.

అక్టోబర్ 27, సోమవారం

రెండో చిత్తు: "కార్మికుల అక్షరాస్యతా తరగతిలో, సదుద్దేశంతో, సదరు ఫారం సారాంశం వివరించబడింది."

సదుద్దేశం! పాపవిమోచన కాగితాలు అమ్మినవాళ్ళకీ సదుద్దేశమే ఉండేది, పెద్ద చర్చి కట్టాలని. కొట్టేశాను.

ఆయన హెచ్.ఆర్.తో ఇంకా మాట్లాడలేదు. వీలు కుదరలేదట.

అక్టోబర్ 28, మంగళవారం

శాంతవ్వ ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. క్లాసులో ఉన్నాను.

క్లాసులో లేను.

అక్టోబర్ 29, బుధవారం

నిన్నటి రెండు వాక్యాలూ, క్లాసులో ఉన్నాను, క్లాసులో లేను, ఇవాళ మళ్ళీ చూశాను. ఇరవై ఏళ్ళుగా వెబ్ పత్రికల్లో అందరినీ కడిగేశాను. పంతుళ్ళని, పాస్టర్లని, ముల్లాలని, మంత్రులని. అనుభవించే జనానికీ జ్ఞానానికీ నడుమ కూర్చున్న ప్రతివాణ్ణీ దళారీ అన్నాను. ఆ మాట నాకు చాలా ఇష్టం. బహ్లా మెస్‌లో వాళ్ళు తుడిచి వేసిన కుర్చీలో ఎవరు కూర్చున్నారని ఒక్కరోజు చూసుకోలేదు. నాకు ఇంగ్లీషే లాటిను. అందులో ఉంటే నిజం. పక్కనున్న భాష ఈ దేశపు భాష, ఇక్కడి చట్టపు భాష, దాన్ని పంతొమ్మిదేళ్ళు గోడ మీద డిజైన్‌లా చూస్తూ బతికాను. నేర్చుకోలేదేం? మనవాళ్ళెవరూ నేర్చుకోరు. వచ్చిన మొదటి నెలలో "ఎన్నాళ్ళుంటాంలే" అనుకుంటాం. పంతొమ్మిదో ఏడు కూడా అదే అనుకుంటాం.

మూడో చిత్తు. ఆయనకి చదివి వినిపించాను.

"నా పేరు సూర్యకుమారి. నాకు అరబ్బీ రాదు. రాదని భూమయ్యకి చెప్పలేదు. ఇంగ్లీషు పక్క చదివి, రెండు పక్కలా ఒకటే ఉందని చెప్పాను. అది లీవు కాగితమని నా మాట నమ్మి అతను సంతకం పెట్టాడు. ఉద్యోగం వదిలేస్తానని అతను ఎవరితోనూ అనలేదు."

"ఇది ఇస్తే నేను రేపు ఆఫీసులో ఎవరి మొహం చూడను?" అన్నారు.

"ఇవ్వకపోతే నేను ఎవరి మొహం చూడను?"

"నువ్వు ఇంట్లో ఉంటావు. మొహాలు చూడాల్సింది నేను."

"నేనూ ఉద్యోగం చేస్తున్నానండీ. పదకొండేళ్ళుగా."

"ఆ అర్థంలో అన్లేదే తల్లీ."

"ఏ అర్థంలో అన్నారు? ఆ ఫారంలోలాగా మీకూ రెండు పక్కలున్నాయా?"

చాలా మాటలు అనుకున్నాం. కొన్ని రాయను. చివరికి ఆయన లేచి వెళ్ళి తాళాలు తెచ్చి టీవీ పక్కన పెట్టారు. "కారు నువ్వు తీసుకెళ్ళు. నేను ఆఫీసు బస్సులో పోతాను. నన్ను అడిగావని, నేను వద్దన్నానని మాత్రం అందులో రాయకు." రాయలేదు. ఇక్కడ రాశాను.

అక్టోబర్ 30, గురువారం

స్కూలుకి సెలవు పెట్టాను. నసీమా కూడా. నిజ్వాలో లేబర్ ఆఫీసు. భూమయ్యా ఓంకారూ టాక్సీలో వచ్చారు. భూమయ్య పెళ్ళికొడుకులా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

టేబులు వెనక ఒమనీ అమ్మాయి, ముప్ఫై లోపు ఉంటుంది. ఫారం చదివింది. ఇంగ్లీషు పక్క చదివింది. మళ్ళీ అరబ్బీ పక్క చదివింది. కనుబొమ్మలు ఎత్తి ఏదో అడిగింది. నసీమా చెప్పింది: "ఇది ఎవరు చదివి చెప్పిన్రు ఈయనకు అంటున్నది."

"నేను."

"నీకు అరబ్బీ వస్తదా అంటున్నది."

ఆ గదిలో పది మంది ఉన్నారు. "రాదు," అన్నాను. ఆ ఒక్క మాటా అరబ్బీలోనే చెప్పాలనిపించింది, అదీ రాలేదు. నసీమాయే చెప్పింది.

నా కాగితం తెలుగులో ఉంది. కింద నసీమా చేసిన అరబ్బీ ఉంది. ఆ అమ్మాయి, రెండూ ఒకటేనా అని అడిగింది. నసీమా నా వైపు చూసింది. ఈసారి నేను తలూపలేదు. "నాకు తెలీదు. ఇంకెవరైనా చదివి నాకు చెప్తే సంతకం పెడతాను," అన్నాను. పక్క వరసలో ఒక కేరళాయన ఉన్నాడు, ముప్ఫై ఏళ్ళు ఇక్కడి కోర్టుల్లో టైపిస్టుగా చేశాట్ట. అతను అరబ్బీ చదివి హిందీలో చెప్పాడు. సరిపోయింది. సంతకం పెట్టాను. నసీమాకి కోపం వస్తుందనుకున్నాను. "ఇప్పుడొచ్చింది నీకు అకల్, తెలివి," అంది.

ఫిర్యాదు తీసుకున్నారు. కంపెనీని నవంబర్ నాలుగున రమ్మన్నారు. తేలేదాకా వీసా రద్దు చెయ్యొద్దని రాసిచ్చారు. గెలిచినట్టు కాదు. నాలుగున కంపెనీ ఏమంటుందో తెలీదు. ఆరున విమానం. "తేలకుంటే ఎక్క మేడమ్. ఎక్కితే ఇగ పోయినట్టే," అన్నాడు భూమయ్య. శాంతవ్వకి అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు. నేను అడిగి తీసుకుని మాట్లాడాను. ఆమె తిట్టింది. తిట్టాల్సిన తిట్లే.

అక్టోబర్ 31, శుక్రవారం

మెస్‌కి తాళం వేశారు. రూముల ముందు వరండాలో చాపలేసుకుని కూర్చున్నాం. పద్నాలుగు మంది అనుకుంటే ఇరవై తొమ్మిది మంది వచ్చారు. వాళ్ళలో ముగ్గురి దగ్గర అదే ఫారం ఉంది, ఇంకా సంతకం పెట్టలేదు. నాలుగో తారీకు లేబర్ ఆఫీసులో ఇవ్వడానికి తమ కోరికలు తామే రాస్తామన్నారు. ఐదు వందల ఎనిమిదేళ్ళ కింద సరిగ్గా ఇదే తారీకున లూథర్ చర్చి తలుపు మీద తన వాదాలు అంటించిన సంగతి చెప్పబోయాను. "తర్వాత మేడమ్. ఇప్పుడు అచ్చరాలు జూడుండ్రి," అన్నాడు ఓంకార్. ముందుమాట ఒక పేరా రాసిస్తానన్నాను. ఆ సంగతి కూడా చేతులెత్తించి తేల్చారు, వద్దని. వాళ్ళ కోరికల్లో చివరి రెండింటికీ నేను ఒప్పుకోలేదు. వాదించాను, గట్టిగానే. మీకు ఓటు లేదన్నారు.

వాళ్ళు చెప్పారు, ఓంకార్ రాశాడు, భూమయ్య పైకి చదివాడు, నాతో వచ్చిన నసీమా అరబ్బీ చేసింది, ఆ అరబ్బీని, ముదీర్‌కి తెలియకుండా అబూబకర్ తెచ్చిన, అరబ్బీ అర్థం తెలిసిన ఇంకో మనిషి చదివి సరిచూశాడు. వాళ్ళు రాసింది రాసినట్టు ఎత్తి రాస్తున్నాను. నేను దిద్దింది వత్తులే.

1. భూమయ్య సంతకం కొట్టెయ్యాలె. లీవు మీద పోయి మళ్ళ డ్యూటీకి రావాలె.

2. సంతకం పెట్టుమనే ఏ కాగితమైనా మా భాషల గూడ రాసియ్యాలె.

3. కాగితం ఇచ్చినంక మూడు దినాలు మా దగ్గర ఉండనియ్యాలె. నిలవెట్టి సంతకం తీసుకోవద్దు.

4. వయసు మీద వడ్డదని తీసేసేదుంటే మొకం మీద చెప్పాలె. మా ఇష్టంతో పోతున్నట్టు రాయించుకోవద్దు.

5. మెస్ తాళం తియ్యాలె. శుక్రవారం క్లాసు జరగాలె.

6. క్లాసుల అరబ్బీ నేర్పాలె. సూర్యకుమారి మేడమ్ గూడ మాతోని చాప మీద కూసోని నేర్సుకోవాలె.

7. మా క్లాసుకు ఎవరు చెప్పాల్నో మేమే ఎన్నుకుంటం. తప్పు చెప్తే మేమే తీసేస్తం. గిది మేడమ్‌కు గూడ వర్తిస్తది.